బెలూన్‌లో 30 కిలోమీటర్ల ఎత్తుకు విద్యార్థుల ప్రయోగాలు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల బడుల నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీహరికోటలో రాకెట్ లేచిన రోజు గూడూరు నుంచి కావలి దాకా మేడలెక్కి చూసే పిల్లలు ఉంటారు. మర్నాడు బడిలో వాళ్లు అడిగేది ఒకటే: "మనం కూడా ఏదైనా పైకి పంపించొచ్చా సార్?" పంపించొచ్చు, రాకెట్ కూడా అక్కర్లేదు. వాతావరణ శాఖ రోజూ ఎగరేసే రకం రబ్బరు బెలూన్‌కి ఒక థర్మాకోల్ పెట్టె కట్టి, చిన్న చిన్న ప్రయోగాలను 30 కిలోమీటర్ల ఎత్తు దాకా పంపి వెనక్కి తెచ్చుకోవచ్చు. టీచర్లు, ఇంజనీరింగ్ విద్యార్థులు, తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం. బెలూన్ ఎంత ఎత్తుకు వెళ్లిందన్న దానికంటే, అందులో ఏ ప్రశ్న పెట్టి పంపామన్నది మాకు ముఖ్యం. కింది జవాబులన్నీ ఆ దృష్టితో రాసినవే.

30 కిలోమీటర్లంటే అంతరిక్షమేనా?

కాదు. భూమి నుంచి 100 కి.మీ. ఎత్తున ఉన్న కార్మన్ రేఖ దగ్గర అంతరిక్షం మొదలవుతుందని ఎక్కువమంది ఒప్పుకునే లెక్క. 20 కి.మీ. నుంచి అక్కడి దాకా ఉన్న ప్రాంతాన్ని సమీప అంతరిక్షం అంటున్నారు. మన మీదుగా పోయే విమానాలు 10, 12 కి.మీ. ఎత్తులో ఎగురుతాయి, బెలూన్ అంతకు దాదాపు మూడింతలు పైకి పోతుంది. అక్కడ గాలి పీడనం నేల మీద ఉండేదాంట్లో నూటికి ఒక వంతు, కాస్త ఎక్కువ. వాతావరణంలో 99 శాతం దాకా కిందే ఉండిపోతుంది కాబట్టి పట్టపగలు కూడా ఆకాశం నల్లగా కనిపిస్తుంది.

పైకి వెళ్తే బరువు ఉండదా?

ఉంటుంది. 30 కి.మీ. దగ్గర భూమి ఆకర్షణ తగ్గేది ఒక్క శాతమే. "భారరహిత స్థితిలో మొలకలు" అని ప్రాజెక్టుకు పేరు పెట్టి తెచ్చే పిల్లలు ప్రతిసారీ ఉంటారు. ఆ పేరు మార్చించండి. బెలూన్ ఇచ్చేవి వేరే ఉన్నాయి: గడ్డకట్టే చలి, దాదాపు శూన్యం, నేల మీదికి అంతగా చేరని అతినీలలోహిత కిరణాలు, అంతరిక్షం నుంచి వచ్చిపడే కాస్మిక్ కిరణాలు. ఈ నాలుగింట్లో ఒకటి పట్టుకుని ప్రశ్న తయారుచేసుకోవాలి.

బెలూన్ అంత పైకి ఎలా వెళ్తుంది? ఎందుకు పగిలిపోతుంది?

ఒక ఘనపు మీటరు హీలియం దాదాపు ఒక కిలో బరువును ఎత్తుతుంది. 1200 గ్రాముల రబ్బరు బెలూన్, కిలో లోపు పెట్టె, పారాచూట్, తాడు అన్నీ కలిపి చూసుకుని, పైకి లాగడానికి ఇంకో కిలో బలం మిగిలేలా గ్యాస్ నింపితే సెకనుకు సుమారు 5 మీటర్ల వేగంతో లేస్తుంది. అంటే 30 కి.మీ. చేరడానికి గంటా నలభై నిమిషాలు. నేల మీద బెలూన్ వ్యాసం రెండు మీటర్ల లోపే ఉంటుంది. పైకి పోయేకొద్దీ బయట పీడనం తగ్గుతుంది కాబట్టి లోపలి గ్యాస్ వ్యాకోచిస్తుంది. ఎనిమిది మీటర్లు దాటి సాగాక రబ్బరు తట్టుకోలేక పగిలిపోతుంది. తొమ్మిదో తరగతి పిల్లలకు బాయిల్ నియమం చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

పగిలాక పెట్టె మొదట చాలా వేగంగా పడుతుంది, ఎందుకంటే పలచని గాలి పారాచూట్‌కి సరిపోదు. కిందికి వచ్చేకొద్దీ గాలి చిక్కబడి, నేల తాకే వేళకు మళ్లీ సెకనుకు 5 మీటర్ల దగ్గరికి వస్తుంది. మొత్తం ప్రయాణం రెండున్నర గంటలు అనుకోండి.

పింగ్‌పాంగ్ బంతిలో ప్రయోగం అంటే ఏమిటి?

అమెరికాలోని కాలిఫోర్నియాలో జేపీ ఏరోస్పేస్ అనే స్వచ్ఛంద బృందం చాలా ఏళ్లుగా పాంగ్‌శాట్ పేరుతో ఈ పని చేస్తోంది. ఒక విద్యార్థికి ఒక టేబుల్ టెన్నిస్ బంతి. అందులో పట్టేది ఏదైనా ప్రయోగమే. ఇలా వేల మంది పిల్లల బంతులు పైకి వెళ్లి వచ్చాయి. మన బడులకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది. క్లాసులో నలభై మంది ఉంటే నలభై మందికీ సొంత ప్రయోగం ఉంటుంది. ఇద్దరు చురుకైన పిల్లలు పని చేస్తుంటే మిగతావాళ్లు చూస్తూ కూర్చోవాల్సిన అవసరం ఉండదు.

బంతి వ్యాసం 40 మిల్లీమీటర్లు, బరువు 2.7 గ్రాములు. పదునైన బ్లేడుతో అతుకు వెంబడి జాగ్రత్తగా కోయాలి. ఈ పని టీచరే చేస్తే మంచిది. లోపల నమూనా కదలకుండా కొంచెం దూది పెట్టి, రెండు ముక్కలూ కలిపి టేప్ చుట్టాలి. టేప్ వేశాక గుండుసూదితో చిన్న రంధ్రం చేయడం మరిచిపోవద్దు. రంధ్రం లేకపోతే లోపలి గాలి పైన బయటికి పోయే దారి లేక టేప్‌ని ఊడదీస్తుంది. చెరగని ఇంకుతో నంబరు రాయండి. పేర్లు రాయొద్దు, ఏ నంబరు ఎవరిదో రిజిస్టరులో రాసుకోండి. చివరగా ఊళ్లో బంగారం కొట్టుకు వెళ్లి కాటా మీద ఒక్కో బంతినీ తూచి గ్రాముల్లో రాయించండి. ఆ కాటాలో చివరి అంకె ఎందుకు ఊగుతోంది, ఫ్యాన్ ఆపితే ఎందుకు ఆగింది అని పిల్లలు అక్కడే అడగడం మొదలుపెడతారు.

ఏం పంపితే బాగుంటుంది?

మొదట అందరికీ గుర్తొచ్చేవి విత్తనాలు. తప్పకుండా పంపండి. నెల్లూరు మొలగొలుకులు, మినుములు, సజ్జలు, కందులు, ఏవైనా మన నేలవే తీసుకోండి. కాకపోతే ఐదు గింజలు పంపి, మూడు మొలిచాయని రాస్తే అది ప్రయోగం కాదు. ఒకే సంచిలోంచి కనీసం ముప్పై గింజల చొప్పున మూడు జట్లు తీయాలి. ఒక జట్టు పైకి వెళ్తుంది. రెండోది బడిలోనే బీరువాలో ఉంటుంది. మూడోది పైకి వెళ్లిన పెట్టెతో పాటు కారులో అన్ని చోట్లా తిరిగి, అదే ఎండా అదే కుదుపూ తిని, పైకి మాత్రం పోదు. ఈ మూడో జట్టును దాదాపు అందరూ వదిలేస్తారు. తేడా వస్తే అది ఆకాశం వల్ల వచ్చిందా, ప్రయాణం వల్ల వచ్చిందా అని తేల్చేది అదొక్కటే. తర్వాత మూడు జట్లనూ ఒకే రోజు, ఒకే తడి గుడ్డలో, ఒకే గదిలో మొలకెత్తించాలి. లెక్కపెట్టే పిల్లలకు ఏ పళ్లెం ఏ జట్టుదో తెలియకూడదు.

ఇక్కడ ఇంకో మాట. బంతి లోపల ఉన్న గింజలకు అతినీలలోహిత కిరణాలు తగిలాయని రాయకండి. మామూలు ప్లాస్టిక్, గాజు ఆ కిరణాలను చాలావరకు అడ్డుకుంటాయి. కిరణాల ప్రభావమే కావాలంటే గింజలను అట్టముక్క మీద అంటించి పెట్టె బయట పెట్టాలి. 30 కి.మీ. దగ్గర ఓజోన్ పొరలో ఎక్కువ భాగం కిందే ఉంటుంది కాబట్టి అక్కడి ఎండ నేల మీది ఎండ లాంటిది కాదు.

విత్తనాలు కాక మాకు బాగా నచ్చినవి కొన్ని ఉన్నాయి. ఒక పెట్టెలో చిన్న బజర్, దానికి కొంచెం దూరంలో మైక్ పెడితే, గాలి పలచబడేకొద్దీ శబ్దం ఎలా తగ్గుతుందో రికార్డు అవుతుంది. చిన్న సోలార్ పలక పెట్టి వోల్టేజీ నమోదు చేస్తే, ఎండ ఎక్కువైనందుకు పెరిగిందా, చలికి పెరిగిందా అన్న మంచి తగువు క్లాసులో మొదలవుతుంది. నీళ్లు కూడా బాగుంటాయి. 19 కి.మీ. దగ్గర మన ఒంటి వేడికే నీళ్లు మరుగుతాయి, 30 కి.మీ. దగ్గర పది డిగ్రీలకే మరుగుతాయి. మూత సడలిన సీసాలో పంపితే ఏమవుతుందో ముందు పిల్లల చేత ఊహించి రాయించండి. ఆ సీసాను మాత్రం మిగతా ప్రయోగాలకు దూరంగా పెట్టాలి.

వికిరణాన్ని లెక్కపెట్టే గైగర్ కౌంటర్ దొరికితే అన్నింటికంటే అది గొప్ప ప్రయోగం. విక్టర్ హెస్ 1912లో బెలూన్ ఎక్కి 5 కి.మీ. పైకి వెళ్లి, పైకి పోయేకొద్దీ వికిరణం పెరుగుతోందని కొలిచాడు. కాస్మిక్ కిరణాలు అలా బయటపడ్డాయి. 1936లో ఆయనకు నోబెల్ వచ్చింది. మీ కౌంటర్ కూడా అదే చూపిస్తుంది. అంతేకాదు, సుమారు 15–20 కి.మీ. దాకా పెరిగి ఆ తర్వాత తగ్గడం కూడా చూపిస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికే అమెరికా, యూరప్ బడుల గ్రాఫులతో మీ అంకెలు కలవకపోతే కంగారు పడొద్దు. మనం భూమి అయస్కాంత మధ్యరేఖకు దగ్గర్లో ఉన్నాం. ఇక్కడ అయస్కాంత క్షేత్రం తక్కువ శక్తి ఉన్న కాస్మిక్ కణాలను లోపలికి రానివ్వదు. అందుకే నెల్లూరు మీద లెక్క తక్కువ రావాలి. తక్కువ వచ్చిందంటే మీ పరికరం సరిగానే పని చేసింది.

పైనుంచి సూక్ష్మజీవులను పట్టుకు రావచ్చా?

బడి స్థాయిలో వద్దు. 2005 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని టాటా పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుంచి 459 కిలోల పరికరాలతో ఇస్రో ఇలాంటి ప్రయోగం చేసింది. 20 నుంచి 41 కి.మీ. మధ్య గాలి నమూనాలను పూర్తిగా శుద్ధి చేసిన స్టీలు గొట్టాల్లో పట్టి, వేర్వేరు ప్రయోగశాలల్లో పరీక్షించారు. మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు దొరికాయని 2009లో ప్రకటించారు. వాటిలో ఒకదానికి ఇస్రో పేరు, ఇంకోదానికి ఆర్యభట పేరు పెట్టారు. మన థర్మాకోల్ పెట్టెలో దొరికే సూక్ష్మజీవి మన చేతులదో, దిగిన పొలందో అయి ఉంటుంది.

ప్రాణులను పంపొచ్చా?

పంపకూడదు. చీమ అయినా, చేపపిల్ల అయినా. మైనస్ చలిలో, గాలి లేని చోట అవి చచ్చిపోతాయని ముందే తెలుసు; తెలిసిన జవాబు కోసం ప్రాణం తీయక్కర్లేదు.

ఏ సెన్సర్లు కొనాలి?

కొనేముందు డేటాషీట్‌లో, అంటే తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో, అది ఎంత దాకా కొలుస్తుందో చూడండి, ఎక్కువ ప్రాజెక్టులు ఇక్కడే దెబ్బతింటాయి. ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో అందరూ వాడే బీఎంఈ280 పీడన సెన్సర్ 300 హెక్టాపాస్కల్స్ (పీడనం కొలత) దాకానే కొలుస్తుంది. అంటే 9 కి.మీ. దాటాక అది ఇచ్చే అంకెలకు అర్థం లేదు. ఎంఎస్5611 అయితే 10 హెక్టాపాస్కల్స్ దాకా, అంటే 30 కి.మీ. దాకా వస్తుంది. ఉష్ణోగ్రతకు వాడే డీఎస్18బీ20 మైనస్ 55 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మన మీద 16, 17 కి.మీ. ఎత్తున ఉష్ణోగ్రత మైనస్ 75, 80 దాకా పడిపోతుంది. ఉష్ణమండలం కదా వెచ్చగా ఉంటుందేమో అనుకుంటారు గానీ, ఆ ఎత్తున మన మీద ఉన్నంత చలి ధ్రువాల దగ్గర కూడా చాలా కాలం ఉండదు. అక్కణ్నుంచి ఇంకా పైకి పోతే మళ్లీ వెచ్చబడుతుంది, 30 కి.మీ. దగ్గర మైనస్ 45 ఉండొచ్చు. ఈ వంపు గ్రాఫులో కనిపించిన రోజు పిల్లల ముఖాలు చూడాలి.

బ్యాటరీలు మామూలు ఆల్కలైన్‌వి వద్దు. మైనస్ 40 దాకా పనిచేసే లిథియం ఏఏ సెల్స్ వాడండి, ఇవి రీఛార్జ్ చేసేవి కావు. విచిత్రం ఏమిటంటే పైన కొన్ని పరికరాలు వేడెక్కి ఆగిపోతాయి. గాలి లేకపోతే వేడిని తీసుకుపోయేది ఉండదు కాబట్టి, వీడియో తీస్తున్న కెమెరా చలి మధ్యలోనే ఆగిపోయేంత వేడెక్కుతుంది.

పెట్టె ఎలా ఉండాలి?

మన దగ్గర దీనికి లోటు లేదు. రొయ్యలు, చేపలు ఐసు వేసి పంపే థర్మాకోల్ పెట్టె సరిగ్గా సరిపోతుంది. చిన్న సైజుది, గోడ మందం రెండు మూడు సెంటీమీటర్లు ఉన్నది తీసుకోండి. వాసన పోయేలా కడిగి ఎండబెట్టండి. బయట ముదురు నారింజ రంగు కాగితం అంటిస్తే పొలంలో దూరం నుంచి కనిపిస్తుంది. నీళ్లలో పడినా తేలుతుంది.

గ్యాస్ ఎక్కడ దొరుకుతుంది? తిరునాళ్లలో బెలూన్లు అమ్మేవాళ్ల దగ్గర తీసుకోవచ్చా?

తీసుకోవద్దు. ఈ ఒక్క విషయంలో మొహమాటం లేకుండా చెబుతున్నాం. రొట్టెల పండగ దగ్గరైనా, ఊరి తిరునాళ్లలోనైనా బెలూన్లు నింపే సిలిండర్లలో చాలావరకు ఉండేది హైడ్రోజన్. కాస్టిక్ సోడా, అల్యూమినియం ముక్కలు కలిపి అక్కడికక్కడే తయారుచేస్తారు. ఆ సిలిండర్లు పేలి మనుషులు పోయిన వార్తలు మనందరం చదివాం. పిల్లలు ఉన్న చోట హీలియం తప్ప ఇంకేదీ వద్దు. పారిశ్రామిక గ్యాస్ డీలర్ దగ్గర, బిల్లుతో, రెగ్యులేటర్‌తో సహా తీసుకోండి. నెల్లూరు, ఒంగోలులో లేకపోతే చెన్నై నుంచి తెప్పిస్తారు. 7 ఘనపు మీటర్ల సిలిండర్ ఒకటి ఒక ప్రయాణానికి చాలు. నింపేటప్పుడు చేతులకు పలచని గ్లవ్స్ వేసుకోండి. వేళ్ల నూనె, గోరు గీత చాలు, బెలూన్ సగం ఎత్తులోనే పగలడానికి. హీలియం పీల్చి గొంతు మార్చే సరదాను అస్సలు అనుమతించొద్దు, ఊపిరి ఆడక స్పృహ తప్పుతారు.

మొత్తం ఖర్చులో పెద్ద భాగం ఈ గ్యాస్, బెలూన్. మిగతావి సర్దుకోవచ్చు.

అనుమతి కావాలా? ఊరి బయట పొలంలో ఎగరేస్తే ఎవరికి తెలుస్తుంది?

కావాలి, తప్పకుండా. మన దేశ చట్టంలో విమానం అన్న మాట కిందికి బెలూన్ కూడా వస్తుంది. 1934 నాటి చట్టంలో అలాగే ఉంది; దాని స్థానంలో 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్‌లోనూ అలాగే ఉంది. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ అనుమతి, చెన్నై ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌తో సమన్వయం, జిల్లా యంత్రాంగానికీ పోలీసులకూ ముందస్తు సమాచారం, ఇవన్నీ లేకుండా ఒక్క బెలూన్ కూడా వదలొద్దు. చెన్నై నుంచి ఉత్తరానికి వెళ్లే విమానాలు ఈ జిల్లాల మీదుగానే తిరుగుతాయి. దక్షిణాన శ్రీహరికోట చుట్టూ గగనతల ఆంక్షలు ఉంటాయి, రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో ఇంకా కఠినంగా.

అంతర్జాతీయ పౌర విమానయాన నిబంధనల్లో మొత్తం సరుకు 4 కిలోల లోపు ఉంటే తేలిక రకం బెలూన్ అంటారు. కానీ బరువు తక్కువ ఉంటే చాలదు. కట్టే తాడు 230 న్యూటన్ల బలానికి లోపే తెగిపోవాలి. తెగకపోతే పెట్టె ఎంత తేలికైనా భారీ రకం కిందికే వెళ్తుంది. నైలాన్ తాడు గట్టిగా ఉంటుందని వాడేవాళ్లకు ఇది తెలియాలి. పలచని నూలు దారం తీసుకుని, స్ప్రింగ్ త్రాసుతో లాగి ఎంత బలానికి తెగుతుందో పిల్లల చేతే కొలిపించండి.

ఒక్క బడి ఒంటరిగా ఈ కాగితాల పని చేయడం కష్టం. దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీ లేదా యూనివర్సిటీతో కలిసి వెళ్లండి. దరఖాస్తు వాళ్ల లెటర్‌హెడ్ మీద పోతే అడిగే ప్రశ్నలకు సమాధానం చెప్పే మనిషి ఒకరు ఉంటారు. నెలల ముందే మొదలుపెట్టండి. సైన్స్ డే ఫిబ్రవరి 28న కాబట్టి ఆ రోజే ఎగరేయాలి అని పట్టుపట్టొద్దు.

ఏ నెలలో, ఎక్కడి నుంచి ఎగరేయాలి?

కోస్తా జిల్లాలకు అన్నింటికంటే పెద్ద ప్రశ్న ఇదే. తూర్పున సముద్రం, పడమరన వెలిగొండలు, నల్లమల. మధ్యలో మనకు కావాల్సింది దుక్కి దున్నిన ఖాళీ పొలం.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా కింద ఐదారు కిలోమీటర్ల వరకు గాలి పడమర నుంచి వీస్తుంది. బెలూన్ లేవగానే సముద్రం వైపు జరుగుతుంది. చూసేవాళ్లకు టెన్షన్. ఇరవై నిమిషాలు ఓపిక పట్టాలి. అంతకంటే పైకి పోగానే గాలి తిరగబడి తూర్పు నుంచి వీస్తుంది. 14, 16 కి.మీ. ఎత్తున అది గంటకు వంద కిలోమీటర్లు దాటుతుంది. దీన్ని ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహం అంటారు. దీని గురించి 1958లో ప్రపంచానికి వివరంగా చెప్పినవాడు పంచేటి కోటేశ్వరం, తర్వాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యాడు. ఈ గాలి పట్టుకుని కావలిలో వదిలిన పెట్టె వెలిగొండలు దాటి కడప జిల్లాలో దిగినా ఆశ్చర్యం లేదు. కాబట్టి ఆ నెలల్లో సముద్రం ఒడ్డుకు దగ్గరగా వదలడం మేలు. నైరుతి వానలు మన దగ్గర తక్కువే కాబట్టి మబ్బు లేని ఉదయాలు కూడా దొరుకుతాయి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ ఊసే వద్దు. మన అసలు వానలు అప్పుడే, తుపాన్లూ అప్పుడే.

జనవరి నుంచి మార్చి దాకా ఆకాశం బాగుంటుంది, కానీ పై గాలి పడమర నుంచి సముద్రం వైపు ఉంటుంది. ఆ నెలల్లో నెల్లూరు టౌన్‌లో వదిలితే పెట్టె బంగాళాఖాతంలో పడే అవకాశం ఎక్కువ. ఉదయగిరి, పామూరు, కనిగిరి, పొదిలి వైపు వెళ్లి వదలాలి. మధ్యలో ఉండేవి మెట్ట పొలాలు, దారులు బాగుంటాయి.

ఇది కాలానికి సంబంధించిన సామాన్య లెక్క మాత్రమే. అసలు నిర్ణయం ఆ వారం గాలి అంచనా మీదే. సోండ్‌హబ్ వెబ్‌సైట్‌లో వదిలే చోటు, లేచే వేగం, పగిలే ఎత్తు ఇస్తే దిగే చోటును మ్యాప్ మీద చూపిస్తుంది. వారం ముందు నుంచి రోజూ చూసి, చుక్క ఎటు జరుగుతోందో పిల్లల చేత గోడ మీది జిల్లా మ్యాప్‌లో గుర్తు పెట్టించండి. చుక్క సోమశిల, కండలేరు జలాశయాల మీదో, నల్లమల అడవిలోనో పడుతుంటే తేదీ మార్చండి. నల్లమల పులుల అభయారణ్యం. పెట్టె కోసం లోపలికి నడిచి వెళ్లడం కుదరదు.

వదిలేది ఉదయం ఆరు, ఏడు గంటల మధ్య. నేల మీద గాలి అప్పుడే నెమ్మదిగా ఉంటుంది. ఎండెక్కాక సముద్రపు గాలి మొదలైతే రెండు మీటర్ల బెలూన్‌ని పట్టుకోవడం నలుగురి వల్ల కూడా కాదు.

పెట్టె ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? పాత ఫోన్ పెడితే చాలదా?

చాలదు. సెల్ టవర్ సిగ్నల్ కొద్ది కిలోమీటర్ల పైన ఉండదు, దిగిన చోట కూడా ఉంటుందన్న నమ్మకం లేదు. ఫోన్‌ను రెండో ఆధారంగా మాత్రమే పెట్టండి. మొదటి ఆధారం జీపీఎస్, రేడియో. 18 కి.మీ. ఎత్తు దాటగానే పనిచేయడం ఆపేసే జీపీఎస్ చిప్‌లు చాలా ఉన్నాయి. యూబ్లాక్స్ కంపెనీ రకం కొని, సెట్టింగుల్లో ఎయిర్‌బోర్న్ మోడ్ పెడితే 50 కి.మీ. దాకా పని చేస్తుంది. ఆ సెట్టింగు మార్చడం మరిచిపోతే మంచి చిప్ కూడా పైన మూగబోతుంది. రేడియోకి 865–867 మెగాహెర్ట్జ్ లోరా (తక్కువ పవర్‌తో చాలా దూరం పంపే రేడియో) మాడ్యూల్ చాలు, ఆ బ్యాండ్‌కు మన దేశంలో నిర్ణీత పవర్ లోపల లైసెన్స్ అక్కర్లేదు. ఎత్తులో ఉన్నప్పుడు వందల కిలోమీటర్ల దూరం నుంచి వినిపిస్తుంది. దిగేటప్పుడు చెట్ల వెనక్కి, గుట్టల వెనక్కి పోయి సిగ్నల్ తెగుతుంది. అందుకే ఒక కారు ముందే దిగే చోటు దగ్గరికి చేరి, ఎత్తైన చోట ఆగి వింటూ ఉండాలి.

ఫొటోల్లో ఏం కనిపిస్తుంది?

30 కి.మీ. ఎత్తు నుంచి దిగంతం లెక్క ప్రకారం 600 కి.మీ. పైన ఉంటుంది. ఇటు విశాఖ, అటు శ్రీలంక ఉత్తర కొస ఆ గీత లోపలికే వస్తాయి, మంచుపొగ వల్ల కనిపించకపోవచ్చు. పులికాట్ సరస్సు, పెన్నా నది సముద్రంలో కలిసే చోటు, ఒడ్డు వెంట గళ్లు గళ్లుగా రొయ్యల చెరువులు మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి. భూమి మరీ గుండ్రంగా వచ్చిందంటే అందులో వైడ్ యాంగిల్ లెన్స్ వంపు కూడా ఉందని పిల్లలకు చెప్పండి. నిజమైన వంపు ఉంది, కానీ కొంచెమే.

ఎగరేయకుండా ముందు పరీక్షించడం ఎలా?

చలికి, మీకు తెలిసినవాళ్లు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ఉంటే అడగండి. బ్లాస్ట్ ఫ్రీజర్‌లో మైనస్ 35, 40 ఉంటుంది. పెట్టెను స్విచ్ ఆన్ చేసి రెండు గంటలు అందులో పెడితే ఏ బ్యాటరీ పడిపోతుందో అక్కడే తేలుతుంది. పొడి ఐసు దొరికితే మైనస్ 78. శూన్యానికి డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో వాక్యూమ్ పంపు, గంట జాడీ ఉంటాయి. అనుమతులు రాని బడులు ఈ రెండు పరీక్షలతోనే పూర్తి ప్రాజెక్టు చేయొచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

సముద్రంలోనో, చెరువులోనో పడితే?

తేలుతూ ఉంటుంది. వదలడానికి ముందురోజే ఒడ్డున ఉన్న పాలెం పెద్దలకు పెట్టె ఫొటో చూపించి నంబరు ఇచ్చి రండి. పడవల మీద వెళ్లేవాళ్ల కళ్లకు దొరికినంతగా మన రేడియోకి దొరకదు. రొయ్యల చెరువులో పడితే రైతును అడగకుండా దిగొద్దు. ఏరియేటర్లకు కరెంటు వైర్లు ఉంటాయి, పైగా మన కాళ్లతో రోగం ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పోతుందన్న భయం వాళ్లకు ఉంటుంది, అది న్యాయమైన భయం. కరెంటు తీగల మీద చిక్కుకుంటే కర్రతో లాగొద్దు, విద్యుత్ శాఖకు ఫోన్ చేయండి. రబ్బరు ముక్కలు, దారం మొత్తం ఏరి తెచ్చుకోవాలి. గొడ్లు మేస్తే వాటి ప్రాణానికి ప్రమాదం.

పైకి వెళ్లొచ్చిన గింజలు తినొచ్చా?

కొద్ది గంటల కాస్మిక్ కిరణాలకు గింజలు రేడియోధార్మికం అయిపోవు. కానీ అవి నమూనాలు. తినకండి, నాటండి.

ఏ తేడా రాకపోతే మార్కులు పోతాయా?

పోకూడదు. మూడు జట్లూ ఒకేలా మొలిస్తే, "రెండున్నర గంటల ప్రయాణం ఈ రకం గింజల మొలకను ఈ లెక్కలో గుర్తించేంతగా మార్చలేదు" అని రాయడమే సరైన ఫలితం. తేడా కావాలని గింజలు ఏరి లెక్కపెట్టిన ప్రాజెక్టు కంటే ఇది ఎంతో మేలు. న్యాయనిర్ణేతలుగా వచ్చే టీచర్లకు మా మనవి: మూడో జట్టు ఏదని అడగండి, ఫొటో ఎంత బాగుందని కాదు.

మా పొలంలో ఇలాంటి పెట్టె పడింది. ఏం చేయాలి?

భయపడొద్దు. విద్యార్థుల పెట్టె అయితే పైన తెలుగులో "వాతావరణ ప్రయోగం, ప్రమాదం లేదు" అని, ఒక ఫోన్ నంబరు ఉంటుంది. ఫోన్ చేయండి, వచ్చేదాకా ఎండ తగలని చోట ఉంచితే సంతోషం. అరచేతిలో పట్టేంత తెల్లటి పరికరం, పక్కన చిరిగిన రబ్బరు ఉంటే అది పై గాలి వివరాలు కొలిచి రేడియోలో పంపే వాతావరణ శాఖ రేడియోసోండ్ కావచ్చు. చెన్నై, మచిలీపట్నం లాంటి కేంద్రాల నుంచి ఇలాంటివి ఎగరేస్తుంటారు.

పెద్ద పాలిథిన్ గుడ్డ, పెద్ద పారాచూట్, పెట్టెల్లో పరికరాలు కనిపిస్తే అది పరిశోధన సంస్థలది. 2022 డిసెంబరులో హైదరాబాద్ నుంచి వెళ్లిన పెద్ద క్యాప్సూల్ ఒకటి వికారాబాద్ జిల్లా పొలాల్లో దిగితే చుట్టుపక్కల ఊళ్లన్నీ చూడ్డానికి వచ్చాయి. అలాంటివాటిలో కొన్నింట్లో హై వోల్టేజీ ఉంటుంది. ముట్టుకోకుండా, విప్పకుండా, పిల్లలను దూరంగా ఉంచి, పెట్టె మీది నంబరుకో దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో చెప్పండి.